కుళాయినీరు చెప్పిన రహస్యము - సిడ్నీ రింగర్ జీవితము

ఇంటిలో ఎవరికైనను జబ్బుచేసి ఆసుపత్రిలో చేర్చినపుడు, మంచము ప్రక్కన కొయ్యకు వ్రేలాడుచుండు సెలైను సీసాను చూడనివారుండరు. ఆ సీసాలపై తరచుగా కానవచ్చు పేరు ‘రింగర్స్ లాక్టేట్’. వైద్యులును, నర్సులును దానిని ‘ఆర్. ఎల్.’ అని రెండక్షరములలో ముగింతురు. విరేచనములతో సొమ్మసిల్లిన పసిబిడ్డకును, కాన్పు కష్టమైన తల్లికిని, శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధునకును అదియే బొట్టుబొట్టుగా నరములోనికి ఎక్కుచుండును. ప్రతిదినము ప్రపంచమున లెక్కకు మిక్కిలిగా ఉచ్చరింపబడు ఈ పేరు ఒక మనుష్యునిదని, ఆయన లండను నగరమున రోగులను చూచుచు, విరామము దొరికినపుడెల్ల కప్పగుండెల ముందు కూర్చుండిన వైద్యుడని ఎరిగినవారు మాత్రము అరుదు.

ఆ సీసా ఒక్కటే ఆయన కీర్తికి ఆధారమైనచో ఈ వ్యాసము వ్రాయ నవసరము లేకుండెను. సిడ్నీ రింగర్ తాను ప్రకటించిన ఒక పరిశోధన పొరపాటని కనుగొని, దానిని దాచక, మరుసటి సంవత్సరమే అదే పత్రికలో లోకమునకు తెలియజెప్పెను. ఆ సవరణనుండి పుట్టినదే కాల్షియమును గూర్చిన జ్ఞానము. మన గుండె ఏ సంకేతముచే ముడుచుకొనుచున్నదో, మనలను రోగములనుండి కాపాడు తెల్లకణములు ఏ సంకేతముచే మేల్కొనుచున్నవో, ఆ సంకేతమునకు మూలము మనము తాంబూలమునకు రాచుకొను సున్నములోని మూలకమే యని తెలియుటకు తొలి మెట్టు ఆ సవరణ పత్రమే.

రింగర్ 19వ శతాబ్దపు నాలుగవ దశకమున ఇంగ్లండు తూర్పుభాగమందలి నార్విచ్ పట్టణమున జన్మించెను. ఆ కుటుంబము ఇంగ్లండు రాజ్యమతమైన చర్చికి చెందక, వేరుగా ప్రార్థనలు జరుపుకొను ప్రొటెస్టంటు వర్గమునకు చెందినది. తండ్రి వర్తకుడు, పిల్లలు చిన్నవారై యుండగనే మరణించెను. సోదరులు తూర్పు సముద్రములు దాటి చైనా జపానులలో వ్యాపారము చేసి ధనవంతులైరి. వారిలో ఫ్రెడరిక్ రింగర్ జపాను దేశమందలి నాగసాకి రేవులో పెద్ద వర్తకుడయ్యెను; ఆయన నివసించిన భవనము ఆ నగరమున నేటికిని సందర్శకులు చూచు స్థలము. సిడ్నీ మాత్రము వర్తకమువైపు చూడలేదు. 1854లో లండనులోని యూనివర్సిటీ కాలేజీలో వైద్యవిద్యార్థిగా చేరెను. ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జిల తలుపులు రాజ్యమతమునకు వెలుపలివారికి సరిగా తెరువబడని రోజులవి. మతభేదము పాటింపక అందరిని చేర్చుకొనుటకై ఏర్పడిన విద్యాలయ మిది. ఇందు చేరిన రింగర్ జీవితాంతము ఈ కాలేజీని, దాని ఆసుపత్రిని విడువలేదు.

1860లో ఎం. బి. పట్టమును, 1863లో ఎం. డి. పట్టమును పొందెను. 1862లోనే ఔషధశాస్త్రాచార్యుడుగా నియమింపబడెను. 1878లో వైద్యశాస్త్ర పీఠమును, 1887లో రోగిశయ్య చెంతనే బోధించు క్లినికల్ వైద్యపీఠమును అలంకరించెను. కొంతకాలము గ్రేట్ ఆర్మండ్ వీధిలోని పిల్లల ఆసుపత్రిలోను పనిచేసెను. 1869లో వెలువడిన ఆయన ఔషధచికిత్సా గ్రంథము 1897 నాటికి 13 ముద్రణములు పొందినది. ఒక తరము వైద్యులు ఆ గ్రంథమును చేతబట్టుకొని వైద్యము చేసిరనుట అతిశయోక్తి కాదు. ఏ మందు ఏ రోగికి, ఎంత మోతాదున, ఏ గుణము చూపునో ఆయన స్వయముగా పరిశీలించి వ్రాయుటయే ఆ గ్రంథమునకు గల ప్రతిష్ఠకు కారణము.

ఇంతటి పదవులు, ఇంతటి ప్రాక్టీసు గల వైద్యుడు సుఖముగా కాలము గడుపవచ్చును. రింగర్ మాత్రము వార్డులకును, కాలేజీలోని శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలకును నడుమ పరుగులు తీయుచుండెను. ఆ శాల ఆయన అధికారము క్రింద నున్నది కాదు. అందొక చోటు సంపాదించుకొని, రోగులను చూడగా మిగిలిన గంటలలో పనిచేసెను. మందు శరీరమున ఎట్లు పనిచేయుచున్నదో తెలియవలెనన్న శరీరము తానెట్లు పనిచేయుచున్నదో ముందు తెలియవలెనని ఆయన విశ్వాసము.

ఆ కాలమున విద్వాంసులను వేధించుచుండిన ప్రశ్న యొకటి. కప్పనుండి గుండెను వేరుచేసి, దానికి రక్తమునో రక్తపు సారమునో అందించినచో అది చాలసేపు కొట్టుకొనుచుండును. జర్మనీలో లైప్సిగ్ నగరమందు కార్ల్ లుడ్విగ్ ప్రయోగశాలవారు ఈ పద్ధతిని అంతకుముందే నెలకొల్పియుండిరి. అయితే రక్తములో నున్న వస్తువులు అనేకము. వాటిలో గుండెను ఆడించునవి యేవి? రక్తమును పక్కనబెట్టి, దాని భాగములను ఒక్కొక్కటిగా నీటిలో కలిపి గుండెకు అందించి చూచినచో తెలియునని రింగర్ తలంచెను. సామాన్యమైన ఉప్పునీటితో ఆరంభించెను. గుండె ముడుచుకొనిన ప్రతిసారి ఒక సన్నని కలము కదలుచున్న కాగితముపై గీత గీయును. గీత యెత్తు చూచి గుండె బలమును, గీతల నడుమ ఎడము చూచి గుండె వేగమును తెలిసికొనుట ఆ పద్ధతి.

1882లో ఆయన తన ఫలితములను ‘జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ’ యను పత్రికలో ప్రకటించెను. ఉప్పునీటిలో స్వల్పముగా పొటాషియము చేర్చినంతనే గుండె చక్కగా కొట్టుకొనుచున్నదని అందలి సారాంశము. లెక్కలు సరిపోయినవి, గీతలు స్పష్టముగా నున్నవి, పత్రిక ప్రచురించినది. అంతటితో ఆ ప్రశ్న తీరినట్లే తోచినది.

కాని తీరలేదు. ప్రయోగమునకు వాడిన ద్రవమును స్వేదన జలముతో, అనగా ఆవిరిగా మార్చి మరల చల్లార్చి పట్టిన నీటితో, తయారుచేసితిమని రింగర్ అనుకొనియుండెను. తరువాత విచారింపగా అది స్వేదన జలము కాదనియు, కుళాయినుండి పట్టిన నీరనియు తేలినది. నీటిని బట్టిపట్టుట శ్రమతో కూడిన పని; ప్రయోగశాలలోని సహాయకుడు ఆ శ్రమను మానుకొనియుండెనని తరువాతి తరమువారు చెప్పుకొను కథ. ఆ భాగము ఎట్లున్నను, నీరు మారినదనుట మాత్రము రింగర్ తానే అచ్చువేయించిన సంగతి.

ఆ కుళాయినీరు ఎక్కడిది? లండనునకు ఉత్తరముననున్న హర్ట్‌ఫర్డ్‌షైరులోని ఊటలనుండి నగరమునకు నీటిని తెచ్చు కాలువ యొకటి 1613లో త్రవ్వబడెను. దానిపేరు ‘న్యూ రివర్’, అనగా క్రొత్తనది. దానిని నడుపు కంపెనీయే కాలేజీకి నీరందించుచుండెను. ఆ ఊటలు సుద్దరాతి నేలలనుండి ఊరునవి. సుద్దయన్నను, సున్నమన్నను కాల్షియపు రూపములే. నీరు కాచిన పాత్రల అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన గృహిణులకు తెలిసిన విషయమే గదా! ఆ పెచ్చును వదలు సున్నమే రింగర్ తెలియకుండ కప్పగుండెలకు అందించుచు వచ్చెను. నీటిని పరీక్షింపగా పదిలక్షల పాళ్లలో సుమారు 38 పాళ్లు కాల్షియము కనబడినది. ఎంత స్వల్పము! అయినను ఆ స్వల్పమే గుండెకు ప్రాణము.

రింగర్ వెంటనే నిజమైన స్వేదన జలముతో ఉప్పునీరు చేయించి ప్రయోగమును మరల చేసెను. మునుపటి ఫలితములు రాలేదు. గుండె క్రమముగా బలహీనమై, కొలది నిమిషములలోనే ఆగిపోయెను. ఆ నీటిలో కొద్దిగా సున్నపు లవణమును చేర్చగనే మరల ముడుచుకొనసాగెను.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. మన సచివాలయములలో ఉత్తరువు జారీయైన పిదప అందు తప్పు కనబడినచో సవరణ ఉత్తరువు వెలువరించుట వాడుక. ఎవరు తప్పుచేసిరో, ఎందుకు జరిగెనో అందుండదు. ఫలానా పంక్తిలో ఫలానా మాటకు బదులు ఫలానా మాట చదువుకొనవలెనని యుండును. అంతకుమించి చెప్పుటకు ఎవరికిని మనసొప్పదు. రింగర్ స్థితి మరింత సున్నితమైనది. ఆయన పేరుపొందిన ఆచార్యుడు. ఆయన గ్రంథము దేశదేశముల చదువబడుచుండెను. కాగితము ఒకసారి అచ్చయినది. దాని తప్పును పట్టుకొన్నవాడెవడును లేడు. మౌనముగా నుండుటకు అవకాశముండెను. సహాయకునిపై నెపము మోపుటకును అవకాశముండెను. ఆయన ఆ రెంటిని చేయలేదు. 1883లో అదే పత్రికలో రెండవ వ్యాసము వ్రాసి, మొదటి వ్యాసమునకు వాడిన నీరు ఎక్కడినుండి వచ్చినదో, దానిని పంపిణీచేసిన కంపెనీ పేరుతో సహా మొదటనే తెలిపి, ఆ పిదప క్రొత్త ఫలితములను ఉంచెను. తప్పు ఎట్లు జరిగినదో చెప్పుటయే అందు క్రొత్త సత్యమునకు వాకిలి యయ్యెను. తప్పును మాత్రమే సవరించి కారణమును మరుగుపరచియుండినచో కాల్షియము ఆనాడు బయటపడి యుండదు.

ఆయన కనుగొన్నది కేవలము ఒక లవణపు గుణము కాదు, ఒక సమతౌల్యము. కాల్షియము లేనిదే గుండె ముడుచుకొనదు. కాల్షియమే యున్నచో ముడుచుకొన్న గుండె సరిగా వదులుకాదు. పొటాషియము ఆ బిగువును సడలించును. అదియే అధికమైనచో గుండె వదులై నిలిచిపోవును. రెండును తగుపాళ్లలో కలిసినపుడు సోడియపు ఉప్పునీటిలో కప్పగుండె గంటల తరబడి కొట్టుకొనును. వంటలో ఉప్పు పులుపుల పాళ్లు తెలిసిన మనవారికి ఈ సంగతి వింతగా తోచదు. ఈ ద్రవమే ‘రింగర్ ద్రావణము’గా ప్రసిద్ధి చెందినది.

ఆ పిమ్మట పండ్రెండేండ్లకు పైగా రింగర్ కాల్షియమును విడువలేదు. 1890లో కప్పగుడ్లు పొదుగుటపైనను, తోకకప్పల పెరుగుదలపైనను సున్నపు లవణముల ప్రభావమును పరీక్షించెను. పాలు విరుగుటలో వాటి పాత్రను పరిశీలించెను. గుండె మొదలు గుడ్డు వరకు ఎచ్చట చూచినను అదే మూలకము ఎదురగుచుండెను. ఒకే పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసములు 30కి పైబడినవి. 1885లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

సత్యము వ్రాయదలచినపుడు మరియొక విషయమును విడిచిపెట్టరాదు. అదే 1883వ సంవత్సరమున రింగరును, ఆయన సహచరుడైన విలియం మురెలును సోడియము నైట్రైటు అను మందు గుణమును గూర్చి ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ మందును వారు ఆసుపత్రికి వచ్చిన రోగులకు, వారి రోగముతో నిమిత్తము లేకుండ, గుణమును చూచుటకై ఇచ్చియుండిరి. అందు అనేకులు తలతిరుగుడుతోను, నీరసముతోను బాధపడిరి. ఈ సంగతి బయటపడగానే పత్రికలలో తీవ్రమైన విమర్శ చెలరేగినది. బీదవారు వైద్యమునకై వచ్చిన చోట వారిని పరీక్షావస్తువులుగా చేయుట న్యాయమా యని ప్రజలు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. రోగి సమ్మతి లేనిదే ప్రయోగము చేయరాదను నియమములు, వాటిని కాపాడు సంఘములు నేడు అంతట నున్నవి, ఆనాడు లేవు. నీటి విషయమున అంతటి నిష్ఠ చూపిన మహనీయుడు ఈ విషయమున తన కాలపు అలవాటును దాటలేకపోయెను. గొప్పవారి జీవితములను చదువుట వారిని దేవతలుగా చేయుటకు గాదు గనుక ఈ మాట వ్రాయవలసి వచ్చినది.

ఆయన గృహజీవితమున సంతోషమును దుఃఖమును కలిసియుండెను. 1867లో యార్క్‌షైరునకు చెందిన ఆన్ డార్లీ యను నామెను వివాహమాడెను. వారికి కలిగిన కుమార్తెలలో ఒకరు బాల్యముననే మరణించెను. ఎందరో బిడ్డలకు చికిత్సచేసిన వైద్యుడు తన బిడ్డను నిలుపుకొనలేకపోయెను. భార్య ప్రాంతమైన యార్క్‌షైరులో లాస్టింగ్‌హామ్ అను చిన్న పల్లె గలదు. అచ్చటి పురాతనమైన చర్చిని 1879లో జె. ఎల్. పియర్సన్ అను ప్రఖ్యాత శిల్పిచే ఆయన తన ఖర్చుపై పునరుద్ధరింపజేసెను. ఆ రాతికప్పు ఆ బిడ్డకు తండ్రి కట్టిన స్మారకము. 1900లో ఆసుపత్రిని విడిచి ఆయన ఆ పల్లెకే చేరి, 1910 అక్టోబరు 14న అచ్చటనే కాలధర్మము చెందెను.

రింగర్ గతించిన పిదప ఆయన ద్రావణము వైద్యశాలలకెక్కెను. 1932లో అమెరికా దేశమందలి సెయింట్ లూయీ నగరపు బాలవైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్, జబ్బుచే ఆమ్లము హెచ్చిన పసిపిల్లలకు ఉపయోగపడునట్లు అందు లాక్టేటును చేర్చెను. మొదట చెప్పిన ‘ఆర్. ఎల్.’ సీసా పుట్టుక అది. కాని కాల్షియము ఎందుచేత అంతటి పని చేయుచున్నదను ప్రశ్నకు సమాధానము ఆలస్యముగా వచ్చినది. అమెరికాలో హైల్‌బ్రన్ అను శాస్త్రజ్ఞుడు 1940ల నాటికే, కండరకణము లోపలికి సూదితో కాల్షియము నెక్కించినచో అది ముడుచుకొనునని చూపి, కణమును కదలించు ఆజ్ఞ అదియేనని వాదించెను, చాలమంది నమ్మలేదు. 1960ల నాటికి జపానులో సెట్సురో ఎబాషి కండరమున కాల్షియము పట్టుకొను ప్రోటీనును చూపగా సందేహము తొలగెను.

ఆ కీలకము ఇట్టిది. కణము తనలోని కాల్షియమును ఎల్లప్పుడు బయటికి నెట్టుచు, మిగిలినదానిని లోపలి గిడ్డంగులలో దాచియుంచును. అందుచేత బయటి రక్తములోకంటె కణపు లోపలి ద్రవములో స్వేచ్ఛగా తిరుగు కాల్షియము దాదాపు 10,000 రెట్లు తక్కువ. నిశ్శబ్దముగా నున్న ఇంటిలో చిన్న గజ్జె మ్రోగినను అందరికి వినబడును గదా! అట్లే లోపల ఏమియు లేనందున, ఒక్క ద్వారము తెరచినంతనే లోనికి దూకు కాల్షియము గొప్ప వార్త యగును. ఎల్లప్పుడు నిండియుండు వస్తువు వార్త మోయలేదు.

గుండెకును కండరమునకును మాత్రమే గాక, మన శరీరమును కాపాడు సైన్యమునకును వార్త మోయునది ఇదియే యని తెలియుట ఇటీవలి విశేషము. రక్తములోని తెల్లకణములలో లింఫోసైట్లు అను జాతి గలదు. వాటిలో టి కణములు మన దేహమున సంచరించుచు, తమకు గుర్తుగల శత్రువు జాడ కనబడు వరకు నిద్రాణముగా నుండును. 1960లో ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్ అను వైద్యుడు ఒక వింతను గమనించెను. ఉత్తరాదిలో మనవారికిని అలవాటైన రాజ్మా గింజల జాతినుండి తీసిన సారము తగిలినచో, నిద్రించుచున్న లింఫోసైట్లు మేల్కొని పెరిగి విభజన చెందుచున్నవి. 1970ల ఆరంభమున, ద్రవములో కాల్షియము లేనిచో ఈ మేల్కొలుపు జరుగదని తెలిసెను. కప్పగుండె గతియే తెల్లకణమునకును!

ఇక మిగిలినది కణములోపలి కాల్షియమును కంటితో చూచుట. ఆ పనికి తగిన రంగును కేంబ్రిడ్జిలో రోజర్ చెన్ అను యువకుడు తయారుచేసెను. కాల్షియము తగిలినచో వెలుగు హెచ్చు రంగు అది. కణమును గాయపరచక దానిని లోపలికి ప్రవేశపెట్టు ఉపాయమును కూడ ఆయనయే కల్పించెను. చెన్, పోజాన్, రింక్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు లింఫోసైట్లలో ఆ రంగు నింపి, అవి మేల్కొనునపుడు లోపలి కాల్షియము హెచ్చుటను కొలిచి 1982లో ప్రకటించిరి. రింగర్ మొదటి వ్యాసమునకు సరిగా నూరేండ్లు. చెన్ 2008లో వేరొక పరిశోధనకై నోబెల్ బహుమానము పంచుకొని, 2016లో మరణించెను.

ఇప్పుడు ఈ మార్గము చాలవరకు స్పష్టమైనది. శత్రువు ముక్కను వేరొక కణము టి కణమునకు చూపును. టి కణపు పైపొరపై నున్న గ్రాహకము దానిని గుర్తించును. వెంటనే పైపొరలోని ఒక కొవ్వు పదార్థము తెగి, ఐ. పి. 3 అను చిన్న అణువు పుట్టును. అది లోపలి గిడ్డంగి తలుపు తీయును. దాచిన కాల్షియము వెలికివచ్చును. గిడ్డంగి ఖాళీయగుటను ‘స్టిమ్’ అను కాపలా ప్రోటీను కనిపెట్టి, పైపొర చెంతకు చేరి, అక్కడి ద్వారమును తెరపించును. అంతట బయటి కాల్షియము లోనికి ప్రవహించి గంటల తరబడి ఆ స్థాయిని నిలుపును. ఆ కాల్షియము కాల్సిన్యూరిన్ అను ఎంజైమును పనికి పురికొల్పును. ఆ ఎంజైము ‘ఎన్‌ఫాట్’ అను ప్రోటీనుకు తగిలియున్న ఫాస్ఫేటు ముద్రలను తొలగించును. ముద్ర తొలగిన ఆ ప్రోటీను కణపు కేంద్రకమున ప్రవేశించి, యుద్ధమునకు వలయు జన్యువులను మేలుకొలుపును. కాల్షియపు రాక ఆగినచో అది కేంద్రకమును విడిచి మరల వెలుపలికి వచ్చును. ఆజ్ఞ నిలిచియుండినంత కాలమే పని జరుగును.

స్టిమ్ 2005లో గుర్తింపబడినది. పైపొర ద్వారము 2006లో దొరికినది. దానికి ‘ఒరాయ్’ అని పేరు పెట్టిరి. గ్రీకు పురాణములలో స్వర్గద్వారమును కాయు దేవతల పేరది. మన జయవిజయుల వంటివారన్నమాట. దానిని కనుగొన్నవారిలో స్టెఫాన్ ఫెస్కేయు, భారతీయ మూలములు గల అంజనా రావును ప్రముఖులు. వారికి దారిచూపినది ఒక కుటుంబపు దుఃఖము. ఆ యింటి పసిబిడ్డలు పుట్టినది మొదలు సామాన్యమైన సూక్ష్మజీవులను కూడ ఎదిరింపలేకపోయిరి. పరీక్షింపగా వారి రక్తములో టి కణములు తగిన సంఖ్యలోనే యున్నవి. సైన్యమున్నది, మేల్కొలుపు లేదు. ఒరాయ్ జన్యువులో ఒకే ఒక్క అక్షరము మారుటచే ద్వారము తెరచుకొనక, కాల్షియము లోనికి రాకపోయెను.

ఇదే మార్గమును కావలెనని మూయుటయు ఒక చికిత్స యయ్యెను. ఒకరి మూత్రపిండమును మరియొకరికి అమర్చినపుడు ఈ టి కణములే దానిని పరాయిదిగా తలచి పాడుచేయును. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజునుండి తీసిన సైక్లోస్పోరిన్ అను మందు ఆ దాడిని ఆపుచున్నదని 1970లలో స్విట్జర్లండున తెలిసెను. 1983లో అమెరికాలో దాని వాడుకకు అనుమతి లభించెను. అది ఏమి చేయుచున్నదో మాత్రము అప్పటికి తెలియదు. 1991లో హార్వర్డులో స్టూవర్ట్ ష్రైబర్ బృందము, ఆ మందు పట్టుకొనునది కాల్సిన్యూరిన్‌నే యని చూపెను. కాల్షియము తెచ్చిన వార్త కేంద్రకమునకు చేరకుండ మందు నడుమ నిలిచి అడ్డుపడుచున్నది. జపానులోని త్సుకుబా మట్టినుండి దొరికిన టాక్రోలిమస్ కూడ ఆ చోటనే అడ్డుపడును. మూత్రపిండము దానముగా పొంది ఈ మాత్రలను వేళ తప్పక మింగుచు మన నడుమ తిరుగుచున్నవారు, రింగర్ ప్రయోగశాలలో ఆరంభమైన కథకు సజీవ సాక్షులు.

రింగర్ వీటిలో ఒక్కదానిని ఊహించియుండెనని చెప్పరాదు. టి కణము, జన్యువు అను మాటలే ఆనాడు లేవు. ఆయన చేసినదెల్ల తన ఫలితము నిలువనపుడు, నిలువకపోవుటకు గల కారణమును వెదకి పదిమందికి చెప్పుటయే. 1883 నాటి ఆ వ్యాసమును తరువాతివారు నమ్మి దానిపై కట్టగలిగిరన్న, అందు నీటి మూలము కూడ దాచబడలేదు గనుకనే. తాను వ్రాసిన కాగితమును తానే తిరిగి తెరచి సవరించుట చిన్నతనము గాదనుటకు లాస్టింగ్‌హామ్ పల్లెలో నిద్రించుచున్న ఆ వైద్యుని జీవితమే ప్రమాణము. దస్త్రములతో కాలము గడుపు మనవంటివారు ఆయనను ఒక్కసారి స్మరించుట ఉచితము.